పదకొండు రోజుల తర్వాత

పోయిన వారం రాతపిల్లను, ఎప్పుడూ ఏదో రాస్తుంటుందని ఆ పేరు పడ్డ అమ్మాయిని, మనం తరగతి గదిలో, మూడో వరుసలో, తల వంచుకుని కూర్చుని ఉండగా విడిచిపెట్టి వచ్చాం. అవమానంతో వంగిన తల కాదది, పొగడ్తకు వంగిన తల. సోషల్ వర్క్ చదివే ఇరవై ఎనిమిది మందిలోనూ ఆమె రాసిన నివేదికే ఎన్నదగినదని ప్రొఫెసరమ్మ దాన్ని మొదటి మాట నుంచి చివరి మాట దాకా గొంతెత్తి చదివింది. చదువు సగంలో ఉండగా, పక్కన కూర్చున్న ప్రాణస్నేహితురాలు దిగ్గున లేచి, సంచీ అయినా తీసుకోకుండా బయటికి నడిచింది. ఎందుకు వెళ్ళిందో ఎవరికీ అంతుపట్టలేదు. కడుపునొప్పి కాబోలు అనుకున్నారు. చివర్లో చప్పట్లు మాత్రం బాగానే మోగాయి.

అది జరిగి పన్నెండు రోజులు. ఈ పన్నెండు రోజుల్లో స్నేహితురాలు తరగతికి రాలేదు, ఫోను ఎత్తలేదు. ఆమె సంచీ రాతపిల్ల గదిలో, మంచం కోడుకు వేలాడుతూ ఉండిపోయింది.

పన్నెండు రోజుల్లో ఇంకొక మనిషి కూడా కనబడకుండా పోయాడు. అతని కోసమే ఇవాళ మధ్యాహ్నం రాతపిల్ల అట్టపెట్టెలోంచి పదిహేడో నంబరు కార్డు తీసి, వెలుతురుకు పట్టి, మళ్ళీ మళ్ళీ చూస్తోంది.

ఆమె ఇంటర్న్‌షిప్ చేస్తున్న ఆ గది విశ్వవిద్యాలయం ఆస్పత్రి వెనకభాగంలో, పళ్ళ డాక్టరు గది దాటాక, నడవా చిట్టచివర ఉంటుంది. ఒకప్పుడు ఎక్స్‌రే గది. తలుపుకి లోపలి వైపున సీసపు రేకు తాపడం చేసి ఉండటం వల్ల, తెరవాలంటే భుజం ఆనించి నెట్టాలి. కిటికీ ఒకటే, అదీ సగం. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, నీళ్ళు కాచే కెటిల్, పాత ఫోను, వాడేసిన సూదులు వెయ్యడానికి పసుపు డబ్బా. మత్తుకు అలవాటుపడిన విద్యార్థులు ఆ గదికి వస్తారు. మానమని ఎవరూ వాళ్ళకు చెప్పరు. మానే రోజు వచ్చేదాకా బతికి ఉండే మార్గం చెబుతారు. కొన్న మాత్రలో ఇంకేం కలిసిందో చూపించే పట్టీలు ఇస్తారు. ఊపిరి ఆగబోతే ముక్కులో కొట్టే మందు ఇస్తారు. ఏం వాడినా ఒంటరిగా వాడవద్దని మాట తీసుకుంటారు.

గదిని నడిపేది పెద్దమ్మ. ముప్పై ఏళ్ళు నర్సుగా నిలబడి నిలబడి మోకాళ్ళు అరగదీసుకున్న మనిషి. గదిలోకి వచ్చేవారిని పేరు అడగకూడదన్నది ఆమె పెట్టిన మొదటి నియమం. కార్డు మీద ఒక నంబరు, పక్కన ఎవరికి తోచిన ముద్దుపేరు వాళ్ళు పెట్టుకోవచ్చు. అలా ఆ పెట్టెలో ఒక మహారాణి ఉంది, ఒక కండక్టరు ఉన్నాడు, ఇద్దరు బావగార్లు ఉన్నారు. పదిహేడో నంబరు తాతయ్య. ఇరవై ఒక్క ఏళ్ళకే చెవుల పక్క నెరిసింది కాబట్టి ఆ పేరు తానే పెట్టుకున్నాడు. వచ్చిన ప్రతిసారీ కార్డు మీద పెద్దమ్మ ఒక గీత గీస్తుంది. మొత్తం నలభై రెండు గీతలు. ఆ తర్వాత అంతా తెల్లకాగితం.

"ఎన్నిసార్లు చూసినా గీత పెరగదే పిల్లా," అంది పెద్దమ్మ, మోకాలికి లేపనం రుద్దుకుంటూ.

"మానేశాడేమో పెద్దమ్మా."

"మానేసినవాడు చెప్పడానికైనా వస్తాడు. ఇంతకుముందు రెండుసార్లు మానేశాడు. రెండుసార్లూ వచ్చి, టీ తాగి, నన్ను పెళ్ళివారింటి పెద్దలా కూర్చోబెట్టి మరీ చెప్పి వెళ్ళాడు." ఆమె లేపనం సీసా మూత బిగించింది. "ఫోనూ లేదు. మత్తు తీసుకునే ముందు వాడు నాకు ఫోను చెయ్యని రోజు లేదు. అరగంట సేపు నా చేత సొల్లు కబుర్లు చెప్పించుకునేవాడు, ఊపిరి సరిగ్గా ఆడుతోందని నాకు నమ్మకం కుదిరేదాకా. వాడి పుణ్యమా అని నా చిన్నప్పటి సంగతులన్నీ నాకే కొత్తగా తెలిశాయి."

రాతపిల్ల నవ్వబోయి నవ్వలేకపోయింది. ఆ సమయంలోనే తలుపు కదిలింది. అలవాటులేని మనిషి నెట్టినట్టు ఒకసారి కదిలి ఆగింది, మళ్ళీ కదిలింది. మూడోసారికి తెరుచుకుంది.

గుమ్మంలో స్నేహితురాలు నిలబడి ఉంది.

చిక్కిపోయింది. జుట్టు దువ్వుకున్నట్టు లేదు. కళ్ళద్దాల వెనక కళ్ళు ఉబ్బి ఉన్నాయి. చేతిలో ఒక చిన్న జిప్పు సంచీ. రాతపిల్ల లేచి రెండు అడుగులు ముందుకు వేసింది.

"ఏమైపోయావే? ఎన్నిసార్లు ఫోను చేశానో తెలుసా? నీ సంచీ నా దగ్గరే..."

స్నేహితురాలు ఆ మాటలు విననట్టు బల్ల దగ్గరికి వచ్చి, జిప్పు లాగి, సంచీని తలకిందులు చేసింది. నాలుగు పట్టీలు, ఒక చిన్న కత్తెర, ఊదారంగు మూత ఉన్న ముక్కు మందు సీసా. గది గోడకున్న అరలో అలాంటి సీసాలే వరుసగా ఉన్నాయి. ఒకసారి అరవైపు, ఒకసారి బల్లవైపు చూసింది.

"నువ్విచ్చినవేనా ఇవి?"

రాతపిల్ల పదిహేడో నంబరు కార్డును పెట్టెలోకి జార్చేసింది.

"అడుగుతున్నది నిన్నేనే. మా తమ్ముడు ఇక్కడికి వస్తాడా, రాడా?"

"మీ తమ్ముడా?"

"అవునే, మా తమ్ముడే. కటకాలూ దుర్భిణులూ అంటూ నాలుగేళ్ళుగా ఇక్కడే చదువుతున్న మా తమ్ముడు. వాడి గురించి నీకు వందసార్లు చెప్పాను. బుద్ధిమంతుడని చెప్పాను. చెప్పు, వస్తాడా?"

గదిలోకి ఎవరు వస్తారో, ఎవరు రారో, అడిగినది కన్నతల్లి అయినా చెప్పకూడదు. మొదటి రోజున పెద్దమ్మ ముందు నిలబడి, కాగితం మీద సంతకం చేసి ఇచ్చిన మాట అది.

"ఎవరు వస్తారన్నది చెప్పకూడదే. నియమం."

"నియమమా!" స్నేహితురాలు నవ్వింది. ఆ నవ్వు చూసి పెద్దమ్మ చేతిలోని సీసా కింద పెట్టేసింది. "ఇరవై ఎనిమిది మందిని కూర్చోబెట్టి వినిపించావు కదే. పంఖా కింద నిద్రపోయేవాళ్ళకి కూడా వినిపించావు. వాడిని కన్నవాళ్ళకి, వాడితో పుట్టినదానికి మాత్రం నియమం అడ్డొచ్చిందా?"

"నేను పేరు రాయలేదే. నంబరు మార్చాను. చదువు మార్చాను. ఊరు మార్చాను. వయసు కూడా..."

"కళ్ళద్దాలు మార్చావా?"

రాతపిల్ల తన కళ్ళద్దాల కాడను తడుముకుంది.

సోషల్ వర్క్ చదువులో ఒక పద్ధతి ఉంది. మనిషితో మాట్లాడి వచ్చాక ఆ సంభాషణంతా మూడు గళ్ళలో రాయాలి. మొదటి గడిలో అతను అన్నది, రెండో గడిలో తాను అన్నది, మూడో గడిలో అప్పుడు తన మనసులో కలిగినది. విన్నది విన్నట్టు, చూసింది చూసినట్టు రాయాలి. ఆ రాతలో రాతపిల్లకు సాటి లేదు. కవిత్వం రాసుకునే చెయ్యి అది. తాతయ్య గురించి రాసినప్పుడు, అతన్ని గుర్తుపట్టగలిగే ప్రతి వివరాన్నీ జాగ్రత్తగా కొట్టేసి వేరొకటి రాసింది. ఒక్క వాక్యం దగ్గర మాత్రం కలం ఆగింది.

"మాట్లాడుతూ మాట్లాడుతూనే నా కళ్ళద్దాలు తీసుకుని, జేబులోంచి అగ్గిపుల్లంత స్క్రూడ్రైవరు తీసి, వదులైన కాడను బిగించి, తిరిగి నా ముక్కు మీద తానే నిలిపాడు, అంతసేపూ ఆ చేతులు వణకలేదు."

ఆ వాక్యం ఎంతో బాగుంది. బాగుంది కాబట్టి వదులుకోలేకపోయింది. అంతకుమించి వేరే కారణమేమీ లేదు.

"మా ఇంట్లో అందరి కళ్ళద్దాలూ వాడే బిగిస్తాడు," అంటూ స్నేహితురాలు తన కళ్ళద్దాలు తీసి బల్ల మీద, ఆ పట్టీల పక్కన పెట్టింది. "అడక్కుండానే తీసుకుంటాడు. మాట్లాడుతూనే బిగిస్తాడు. మళ్ళీ వాడే పెడతాడు. మా నాన్నమ్మకి కూడా అంతే. మేడమ్ ఆ ముక్క చదువుతుంటే నాకు మొదట నవ్వొచ్చింది తెలుసా? అరే, మావాడిలాంటివాడు ఇంకొకడున్నాడే అనుకున్నా. ఆ తర్వాత వాక్యంలో వాడు ఏం వాడతాడో చదివింది." ఆమె రాతపిల్ల వైపు తిరిగింది. "నాలుగు నెలలే. నాలుగు నెలలు నా పక్కనే కూర్చుని, నా డబ్బాలోదే తిన్నావు."

"వాడు నీ తమ్ముడని నాకు తెలీదే. ఒట్టు. పేరు అడగం కదా."

"తెలిస్తే చెప్పేదానివా?"

ఈ ప్రశ్నకు అబద్ధం చెప్పడం తేలిక. రాతపిల్ల తల అడ్డంగా ఊపింది.

"అదీ సంగతి," అంది స్నేహితురాలు నెమ్మదిగా. "పోనీలే. ఇప్పుడిక నీ నియమాలతో వాడికి పనిలేదు. వాడు బాగుపడ్డాడు. అది చెప్పి, ఈ చెత్త నీ మొహాన కొట్టి పోదామనే వచ్చాను."

"బాగుపడ్డాడా?" అంది పెద్దమ్మ. ఇంతసేపటికి ఆమె నోరు విప్పడం అదే మొదలు. "కూర్చో తల్లీ. నిలబడి చెప్పే మాట కాదది. ఎలా బాగుపడ్డాడో చెప్పు."

ఆ గొంతులో ఏముందో గాని, స్నేహితురాలు కూర్చుంది. కోపం వచ్చినంత వేగంగానే అలసట వచ్చింది. మాటలు ఒకదాని వెనక ఒకటి జారిపోయాయి.

తరగతి నుంచి వెళ్ళిన సాయంత్రమే తండ్రికి చెప్పిందట. మర్నాడు తెల్లవారేసరికి తండ్రి హాస్టల్లో ఉన్నాడట. కొట్టలేదు, తిట్టలేదు, చెయ్యి పట్టుకుని బస్సెక్కించాడు. ఇంటి పై గదిలో ఉంచి బయట గడియ పెట్టారు. మొదటి నాలుగు రోజులూ వాంతులు, వణుకు, గోడలు గుద్దడం. తల్లి తడిగుడ్డ చేత్తో పట్టుకుని గుమ్మంలోనే కూర్చుంది, కూర్చునే కునికింది. ఐదో రోజు తిండి అడిగాడు. ఎనిమిదో రోజు గడ్డం గీసుకున్నాడు. పదో రోజు నాన్నమ్మ ఏదో అంటే నవ్వాడు.

"నవ్వాడండీ," అంది మళ్ళీ, ఎవరూ నమ్మరేమో అన్నట్టు. "మొహానికి కళ వచ్చింది. మా అమ్మ నిన్న తొలిసారి కంటినిండా పడుకుంది. ఇక జన్మలో ముట్టనని అమ్మ తల మీద చెయ్యి పెట్టి చెప్పాడు. పదకొండు రోజులు. మీ గదిలో నాలుగు నెలలకి కానిది మా ఇంట్లో పదకొండు రోజులకి అయింది."

రాతపిల్ల పెద్దమ్మ వైపు చూసింది. పెద్దమ్మ ముఖంలో సంతోషం లేదు. మోకాళ్ళ నొప్పి మరిచిపోయిన మనిషిలా కుర్చీ అంచుకు జరిగి కూర్చుంది.

"ఇప్పుడు ఎక్కడున్నాడమ్మా?"

"ఇక్కడే. రేపు ప్రాక్టికల్ పరీక్ష కదా. ఇవాళ పదింటికి నేనే తీసుకొచ్చి హాస్టల్లో దింపాను."

"ఇప్పుడు రెండున్నర. ఫోనుందా వాడి దగ్గర?"

"లేదు. పాత స్నేహాలు మళ్ళీ తగులుకుంటాయని నాన్న ఉంచేసుకున్నారు. పరీక్షలయ్యాక ఇస్తానన్నారు."

"ఇది?" పెద్దమ్మ ఊదారంగు మూత సీసాను వేలితో చూపింది.

"వాడి పెట్టె అడుగున దొరికింది. దింపే ముందు నేనే తీసేశా. కంటికి కనబడితే మళ్ళీ బుద్ధి పుడుతుందని."

పక్క గదిలో పళ్ళ డాక్టరు యంత్రం సన్నగా కూసి ఆగింది.

"ఇది మత్తు కాదు తల్లీ," అంది పెద్దమ్మ. "ఇది విరుగుడు. ఊపిరి ఆగినప్పుడు తిరిగి రప్పించేది."

స్నేహితురాలు సీసా వైపు చూసింది. అర్థమవుతున్నకొద్దీ ఆమె పెదవుల రంగు మారింది. "వాడికి ఇంక దాంతో అవసరం లేదు కదండీ. మానేశాడు కదా."

"నిజంగా మానేసి ఉంటే నాకంటే సంతోషించేవాళ్ళు ఉండరు. మానకపోతే ఏమవుతుందో కూడా నువ్వు తెలుసుకోవాలి. ఎందుకంటే నీకు చెప్పేవాళ్ళు లేకపోయారు, మేం చెప్పే అవకాశం లేకపోయింది. ఈ పదకొండు రోజుల్లో వాడి ఒళ్ళు ఆ మందును మరిచిపోయింది. మనసు మరవదు. చేతికి పాత మోతాదే గుర్తుంటుంది. పోయిన నెల ఏ మోతాదు తీసుకుని ఫోన్లో నాతో పరాచికాలు ఆడాడో, అదే మోతాదు ఇవాళ తీసుకుంటే ఊపిరి నిలిచిపోతుంది. ఇన్నేళ్ళలో నేను పోగొట్టుకున్న పిల్లల్లో ఎక్కువమంది వాడుతూ వాడుతూ పోయినవాళ్ళు కారు. ఆపి, మళ్ళీ మొదలుపెట్టిన రోజున పోయారు."

"ఒట్టేశాడండీ!"

"వేసే ఉంటాడు. వేసినప్పుడు నిజంగానే వేసి ఉంటాడు."

స్నేహితురాలు లేచి నిలబడింది. మళ్ళీ కూర్చుంది. బల్ల మీది కళ్ళద్దాలు తడుముకుని పెట్టుకోబోతే, కాడ చెవికి అందలేదు. రాతపిల్ల సాయపడబోయింది. స్నేహితురాలు ఆ చెయ్యి తోసేసింది.

"హాస్టలుకి ఫోను చెయ్యండి," అంది.

పెద్దమ్మ అప్పటికే నంబరు తిప్పుతోంది. అవతల వాచ్‌మన్ గొంతు గదంతా వినబడింది. ఆ అబ్బాయి పదకొండున్నరకే బయటికి వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. ఏమైనా చెప్పాడా? ఆ, గుండె బరువుగా ఉంది, కాస్త తిరిగొస్తానన్నాడు.

పెద్దమ్మ ఫోను పెట్టేసి రాతపిల్ల వైపు తిరిగింది. "నీ మూడు గళ్ళలో అంతా రాసేదానివి కదా. వాడు ఎక్కడ కూర్చుంటాడో కూడా రాశావా?"

అది రాయలేదు. నాలుగు నెలల్లో తాతయ్య రాయవద్దన్నది ఆ ఒక్కటే. "మిగతావన్నీ నీ ఇష్టం రాతపిల్లా. ఆ చోటు ఒక్కటి నాకు వదిలెయ్యి," అన్నాడు ఒకరోజు. ఆమె వదిలేసింది. మూడు గళ్ళలో ఏ గడిలోనూ ఆ చోటు లేదు. ఆమెలో మాత్రం ఉంది.

"తెలుసా?" అంది స్నేహితురాలు. ఆ అడగడంలో ఇప్పుడు నింద లేదు. వట్టి భయం ఉంది. "తెలిస్తే చెప్పవే. నీ కాళ్ళు పట్టుకుంటా."

"ఆ అమ్మాయికి చెప్పనక్కర్లేదు, నాకూ చెప్పనక్కర్లేదు," అంది పెద్దమ్మ, అరలోంచి రెండు సీసాలు తీసి రాతపిల్ల గుప్పిట్లో పెడుతూ. "పరుగెత్తు. నీకూ నాకూ మాట్లాడుకోవలసింది ఉంది పిల్లా, ఆ కళ్ళద్దాల సంగతి. అది తర్వాత, తీరిగ్గా. ముందు పో."

వాన సన్నగా పడుతోంది. పట్టపగలే దీపాలు వెలిగించుకున్న గ్రంథాలయం పక్కనుంచి, సైకిళ్ళ షెడ్డు వెనకనుంచి, రాతపిల్ల పరుగెత్తింది. గొడుగుల కింద నవ్వుకుంటూ వెళ్ళేవాళ్ళు పక్కకు తప్పుకుని దారిచ్చారు. ఎవరో "బస్సు తప్పిపోయిందా అక్కా?" అని హాస్యమాడారు. పాత ప్రయోగశాల భవనంలో కింది అంతస్తు, మెట్ల వెనక నడవా. అక్కడ కటకాలు అరగదీసే గది ఒకటి ఉంది. యంత్రం చెడిపోయి రెండేళ్ళు. బాగుచేయించే నాథుడు లేడు. కిటికీ అద్దాలకు, గుమ్మానికి, గోడకు ఎర్రటి మెరుగుపొడి మరకలు ఇంకా అలాగే ఉన్నాయి. ఆ గది తాళంచెవి ఒకటి తాతయ్య దగ్గర ఉంది, యంత్రాన్ని ఏనాటికైనా తానే బాగుచేస్తానని తీసుకున్నాడు.

బయట తాళం లేదు. తలుపు నెట్టింది. లోపల గడియ.

"తాతయ్యా!"

జవాబు లేదు. అరచేత్తో తలుపు బాదింది. "తాతయ్యా, నేను. తలుపు తియ్యి."

చాలాసేపటికి, ఎంతో దూరంనుంచి వచ్చినట్టు, తలుపుకి ఆవలి పక్కనే ఒక గొంతు వినబడింది. కింద, నేల దగ్గర. తలుపుకి వీపు ఆనించి కూర్చున్నట్టున్నాడు.

"రాసుకోవడానికి వచ్చావా?"

ఆ మాట ఆమె గుండెలో దిగబడింది. దాన్ని పీకి పక్కన పెట్టే తీరిక లేదు. "తీసుకున్నావా?" అంది.

"ఊఁ."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. నువ్వు రాకముందే."

"ఎంత?"

నవ్వు వినబడింది, మెత్తగా, బద్ధకంగా. "ఎప్పటంతే."

ఆమె పెద్దమ్మకు ఫోను చేసింది. రెండు ముక్కలు చెప్పేసరికే అవతల అర్థమైపోయింది. "అంబులెన్సుకి చెబుతున్నా. ఈలోగా తలుపు తియ్యమని బతిమాలు. తియ్యకపోతే వాడిచేత మాట్లాడించు. ఏదో ఒకటి అడుగు, తిట్టించుకో, పర్వాలేదు. వాడి నోరు ఆడుతున్నంతసేపూ ఊపిరి ఆడుతున్నట్టే. గొంతు ఆగనివ్వకు."

"గడియ తియ్యి తాతయ్యా. చెయ్యి పైకెత్తితే చాలు."

"చెయ్యి... ఎక్కడుందో చూడాలి," అన్నాడు. "అక్కకి నువ్వే చెప్పావా?"

"నేను చెప్పలేదు. కాని నావల్లే తెలిసింది."

"ఎలా?"

ఆ 'ఎలా'కు జవాబు చెప్పాలి. పన్నెండు రోజులుగా తనకే తెలియకుండా లోపల పేరుకున్నదేదో కట్ట తెగి వచ్చింది. రాతపిల్ల తలుపుకి నుదురు ఆనించి, మోకాళ్ళ మీద కూర్చుని, చెప్పడం మొదలుపెట్టింది. కళ్ళద్దాల వాక్యం గురించి చెప్పింది. అన్నీ కొట్టేసి ఆ ఒక్కటి ఎందుకు ఉంచుకుందో చెప్పింది. "నిన్ను దాచాలని మనసారా అనుకున్నాను తాతయ్యా. కాని నీకంటే నా వాక్యం నాకు ముద్దొచ్చింది. నువ్వు నమ్మి నా ముందు చేతులు చాపితే, ఆ చేతుల్ని నేను చూసిన సంగతి అందరికీ చూపించుకోవాలనిపించింది. చప్పట్లు కొట్టారు. నాకు ఇష్టంగా ఉండింది. నువ్వు క్షమించకు. నేను అడగను కూడా. కాని ఆ చోటు మాత్రం రాయలేదు. నువ్వు వద్దన్నది మాత్రం రాయలేదు. అది ఒక్కటి నమ్ము..."

ఎంతసేపు చెప్పిందో ఆమెకు తెలియదు. మాటకు మాట అందుతూ వచ్చింది, ఎక్కడా తడబడలేదు. జీవితంలో ఆమె ఏనాడూ అంత బాగా మాట్లాడలేదు. చెప్పడం అయ్యాక, కళ్ళు తుడుచుకుని, ఆవలి వైపు జవాబు కోసం ఆగింది.

జవాబు రాలేదు.

అప్పుడు గుర్తుకొచ్చింది, మాట్లాడవలసినది తాను కాదని. తాను మాట్లాడినంతసేపూ, ఆ గొంతు ఎప్పుడు ఆగిందో తాను వినలేదని.

"తాతయ్యా? ఏదైనా అను. తిట్టు."

లోపలినుంచి ఒక చప్పుడు వచ్చింది. గొంతు అడుగున నీళ్ళు కదిలినట్టు, పొడుగ్గా, గరగరమని. ఆగింది. ఆమె ఏడు లెక్కపెట్టేదాకా ఏమీ లేదు. మళ్ళీ వచ్చింది. శిక్షణ మొదటి వారంలో పెద్దమ్మ ఈ చప్పుడు టేపులో నాలుగుసార్లు వినిపించింది. నాలుక వెనక్కి జారి, గొంతు మూసుకుపోతూ, మనిషి లోపల మునిగిపోయేటప్పుడు వచ్చే చప్పుడు. ఆ తర్వాత మిగిలేవి కొద్ది నిమిషాలు.

సీసాలు రెండూ ఆమె గుప్పిట్లోనే ఉన్నాయి. మధ్యలో తలుపు.

ఆమె లేచి భుజంతో గుద్దింది. పాతకాలపు చెక్క. కదలలేదు. నడవాలో అటూ ఇటూ చూసింది. ఒక ఇనుప స్టూలు కనబడింది. దాన్ని ఎత్తుకుని తిరిగి వచ్చేసరికి మెట్ల దగ్గర అడుగుల చప్పుడు. ఉండమన్న పెద్దమ్మ మాట వినకుండా వెనకే బయల్దేరి, దారి తప్పి వెతుక్కున్నట్టుంది, వానలో తడిసి ముద్దయి, ఆయాసపడుతూ స్నేహితురాలు వచ్చింది.

"ఇక్కడేనా? లోపలున్నాడా?"

రాతపిల్ల నోరు తెరిచేలోపే ఆమె తలుపు దగ్గర కూలబడి, చెక్కకు చెవి ఆనించింది. లోపల ఆ గరగర మళ్ళీ మొదలైంది. వింటూ వింటూ, పన్నెండు రోజులుగా బిగిసి ఉన్న ఆమె ముఖం మెల్లగా సడలింది. కళ్ళు మూసుకుని, తడి చేతులు రెండూ తలుపు మీద పరిచింది.

"హమ్మయ్య," అంది. "నిద్రపోతున్నాడే. చిన్నప్పుడూ ఇంతే, అలసిపోతే ఇల్లంతా వినబడేలా గురక పెట్టేవాడు." తల తిప్పి, పైకెత్తిన స్టూలుతో నిలబడ్డ రాతపిల్లను చూసి, ఆ చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపింది.

"వద్దే, కొట్టకు. పడుకోనీ. వాడికి కంటినిండా నిద్ర లేక పదకొండు రోజులైంది."